పలకరింపు అయ్యేదాకా లైను కట్ చేయొద్దు

ఫోన్లో మిషనుతో మాట్లాడాల్సి వస్తే జనానికి చిరాకు. నాకూ చిరాకే. మొన్న గ్యాస్ బండ కోసం ఫోన్ చేస్తే అవతలి గొంతు నన్ను అటు తిప్పి ఇటు తిప్పి మళ్లీ మొదటికే తెచ్చి నిలబెట్టింది. "నీ మొహం మండ!" అని పెట్టేశాను. పక్కనే ఉన్న మా చెల్లెలి కూతురు పకపకా నవ్వి, "ఖాలా, బతుకంతా నువ్వు చేసింది ఇదే పని గదా!" అంది. అవును, అందుకే నాకు తిట్టే హక్కు అందరికంటే ఎక్కువ.

ఆ పిల్ల ఇప్పుడు ఇదే పనిలో చేరబోతోంది. మీ కాలంలో ఎలా చేసేవాళ్లో రాసి పెట్టమని ప్రాణం తీస్తోంది. సరే, రాస్తాను. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, ఎవరు శాలువా కప్పారు అనేవి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు.

నా పేరు షంషాద్. కర్నూలు పాతబస్తీలో పుట్టాను. చదువు అక్కడే, ఉద్యోగం ఎక్కువ కాలం కడపలో. మనిషి ఫోన్లో మాట్లాడితే ఆ మాటను మిషను పట్టుకుని, దానికి తగిన జవాబు చెప్పేలా తయారుచేయడం నా పని. మా నాన్నకు చచ్చేదాకా ఇది అర్థం కాలేదు. "మా బిడ్డ మిషనుకు మాటలు నేర్పుతాది" అని వీధిలో చెప్పుకునేవాడు. నిజానికి మేము నేర్పింది మాట్లాడటం కాదు, వినడం.

గదిలో పోగుచేసిన గొంతులు

రెండువేల దశకం మధ్యలో, రైతులకు ఉచిత కరెంటు కొత్తగా వచ్చిన రోజులవి. బోరు మోటారు తిరగాలంటే త్రీఫేజ్ కరెంటు కావాలి. అది రోజంతా ఉండదు, వంతుల ప్రకారం ఇస్తారు. ఏ ఊరికి ఏ వేళ ఇస్తారో ఉదయం ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట. రైతు పొద్దస్తమానం బోరు దగ్గర కాపలా కూర్చోవాల్సిందే. ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టుకుంటే మోటారు దానంతటది తిరుగుతుంది గానీ, నీళ్లను ఒక పాదు నుంచి ఇంకో పాదుకు మళ్లించడానికి మనిషి ఉండొద్దూ?

అందుకని ఒక ఫోన్ లైను పెట్టారు. రైతు ఫోన్ చేసి తన ఊరి పేరు చెబితే, ఈరోజు కరెంటు ఏ వేళకు వస్తుందో మిషను చెబుతుంది. నంబర్లు నొక్కించే పద్ధతి పెట్టొచ్చు కదా అని చాలామంది అడిగారు. మా వైపు పల్లెల్లో పాతరకం ఫోన్లు ఎక్కువ, వాటిలో నంబరు నొక్కితే మిషనుకు ఏమీ తెలియదు. కాబట్టి నోటితో చెప్పించాల్సిందే. ఆ మిషనుకు చెవులు అమర్చే పని మా చిన్న సంస్థకు వచ్చింది.

మిషను వినడం నేర్చుకోవాలంటే దానికి బోలెడు గొంతులు వినిపించాలి. ఆ గొంతులు హైదరాబాదులో, ఏసీ గదిలో పోగుచేశాం. కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి, కాగితం మీద ఊళ్ల పేర్లు రాసిచ్చి చదివించాం. ఎంత ముద్దుగా చదివారో! మిషను అన్నీ ఠకఠకా పట్టేసింది. మేము ఒకరి భుజాలు ఒకరు తట్టుకుని, లైను తెచ్చి కడపలో పెట్టాం.

మొదటి రోజే పరువు పోయింది. ఎర్రగుంట్ల రైల్వే స్టేషను దగ్గర కాయిన్ బాక్సు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆయన వెనక సిమెంటు లారీలు హారన్లు. అంతకంటే పెద్ద గోల, ఆయన చుట్టూ మూగిన మనుషులది.

"ఊరి పేరు అడుగుతాండాది, చెప్పప్పా!"

"నేనెందుకు, నువ్వే చెప్పు. నీ గొంతు బాగుంటాది."

"ఆయమ్మ ఎదురుచూస్తాండాది, ఎవురో ఒకరు చెప్పి చావండి!"

తర్వాత ముగ్గురూ ఒక్కసారే చెప్పారు. మిషను దండం పెట్టేసింది.

మావాళ్లు వెనక గోలను వడగట్టే పనిలో పడ్డారు. అదీ కావాల్సిందే, కాదనను. కానీ మా సీమలో ఫోన్ కాల్ ఒక్కడి వ్యవహారం కాదు. ఒకడు ఫోన్ పట్టుకుంటాడు, ఇంకొకడు పక్కనుంచి అందిస్తాడు, మూడోవాడు తీర్పు చెబుతాడు. దాన్ని గోల అని వడగడితే ఫోన్ చేసిన మనిషిని కూడా వడగట్టేసినట్లే. మిషను గొంతేమో హైదరాబాదులో వార్తలు చదివే పద్ధతిలో రికార్డు చేయించింది. ఆ గొంతు వినగానే జనం ఎవరో పెద్ద ఆఫీసరమ్మ అనుకుని గుసగుసల్లోకి దిగేవారు.

ఒకరోజు నాకు ఒళ్లు మండి, "ఒక్కరే చెప్పండప్పా, అందరూ ఒకేసారి అంటే నాకెట్ల ఇనపడతాది?" అని నా గొంతుతోనే రికార్డు చేసి పెట్టేశాను. మా బాసుకు కూడా చెప్పలేదు. మర్నాడు కాల్స్ వింటే జనం నవ్వుతున్నారు! నవ్వి, "రేయ్, ఆయమ్మ తిడతాండాది, ఒకడే చెప్పండ్రా" అని ఒకడే చెబుతున్నాడు. ఆ వారంలోనే మిషను గొంతు పూర్తిగా నాది చేసేశారు.

క్షమించమని అడిగే మిషను

గొంతు మారింది, భయం పోయింది, కొత్త తంటా మొదలైంది. అసలు తంటా ఇదే.

కుదరని కాల్స్ అన్నీ హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడం నా ఉద్యోగంలో ముఖ్యమైన భాగం. కొత్తగా చేరేవాళ్లకు ఇది నచ్చదు, అంకెలు చూసి సరిపెట్టుకుంటారు. అంకెలు చూస్తే ఎంత తప్పిందో తెలుస్తుంది, ఎందుకు తప్పిందో వింటేనే తెలుస్తుంది. అలా వింటూ ఉండగా ఒక గొంతు మాటిమాటికీ తగిలేది. రత్నమ్మ. పేరు తర్వాత తెలిసింది; ఊరు మాత్రం ఎప్పుడో కట్ అయ్యేలోపు తనే అంది, వేంపల్లె అవతల రాళ్లకుంటపల్లె అనే చిన్న ఊరు. ఆమె కాల్ ఇలా నడిచేది.

"మీ ఊరి పేరు చెప్పండి" అనేది నా గొంతు. బీప్ మోగేది.

"అక్కా, బాగుండావా? అన్నం తిన్యావా? ఈడ ఎండలు మండిపోతాండాయి. నీకు ఆడ ఫ్యానన్నా ఉండాదో లేదో..."

మిషను వినే సమయం అంతటితో సరి. "క్షమించండి, అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

"అయ్యో, క్షమించమంటావేందక్కా! నువ్వేం తప్పు చేసినావని? పొద్దున్నుంచి ఎంతమందికి చెప్పినావో ఏమో, అలిసిపోయింటావు. నిమ్మళంగా అడుగు. మాది..."

"క్షమించండి, అర్థం కాలేదు. తర్వాత ప్రయత్నించండి. ధన్యవాదాలు."

ఠక్కున లైను కట్. మళ్లీ చేసేది. మళ్లీ బాగుండావా, అన్నం తిన్యావా. మళ్లీ కట్. హెడ్‌ఫోన్ విసిరికొట్టాలనిపించేది. ఓ తల్లీ, ఊరి పేరు ఒక్కటి చెప్పమ్మా, నీ పుణ్యం ఉంటుంది అని గట్టిగా అరిచిన రోజులున్నాయి. అది రికార్డింగు, ఆమెకెలా వినిపిస్తుంది?

ఆమె ఒక్కతే కాదు. సగం మంది వరస ఇదే. మనిషి గొంతు వినపడగానే పలకరించకుండా పనిలోకి దిగడం మా వైపు మర్యాద కాదు. అలా దిగితే, ఎవరి ఇంట్లోనో ఏదో జరిగిందని అర్థం.

శెట్టి గారి అంగడి

మా బాసు నాగరాజ శెట్టి గారు. ప్రొద్దుటూరు బట్టల వ్యాపారుల కుటుంబం. అన్నదమ్ములందరూ అంగట్లో కూర్చుంటే ఈయన ఒక్కడే ఇంజనీరింగ్ చదివాడు. కోపం రాదు, కేక వేయడు, పొరపాటు చేస్తే తనే ముందు నవ్వుతాడు. ఇన్నేళ్లలో నేను పోట్లాడని బాసు ఆయన ఒక్కడే. నేను మొదలుపెట్టినా ఆయన కలిసివచ్చేవాడు కాదు.

సమస్య చెబితే ఆయన వెంటనే ఒక ఉపాయం చెప్పాడు. "మనమే ముందు పలకరిస్తే సరిపాయె గదమ్మా! వాళ్లకు ఆ పని తప్పుతాది." నాకూ బాగుందనిపించింది. మిషను ఫోన్ ఎత్తగానే "బాగుండారా?" అని అడిగేలా మార్చాం.

అడిగితే ఊరుకుంటారా? చెప్పారు. ఒకాయన బర్రె ఈనిన సంగతి మొత్తం చెప్పాడు. ఒక ముసలాయన తన మోకాళ్ల నొప్పికి ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పాడు. ఒక ఇల్లాలు నాకు పెళ్లయిందా, పిల్లలెందరు అని ఆరా తీసింది. ఊరి పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ రికార్డింగులు వింటూ శెట్టి గారు కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. నవ్వి, నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"షంషాదమ్మా, మా నాయన అంగట్లో గిరాకీ వస్తే 'ఏం కావాల' అని ముందు అడగడు. 'రాప్పా, కూచ్చో, వాన పడిందా' అంటాడు. ఆ వచ్చినాయన పంట మాట, పెండ్లి మాట, కోర్టు మాట అన్నీ చెప్తాడు. మధ్యలో యాడో ఒకచోట పంచెలు అంటాడు. ఆ మాట ఇనంగానే మా నాయన చెయ్యి పంచెల బీరువా మీదికి పోతాది. కానీ ఆయన మాట మధ్యలో తెంపడు. మనం తెంపుతాండాం. అదే తప్పు."

ఆ రోజు నుంచి మా పని దిశ మారింది. మిషను మొత్తం మాట చివరిదాకా వినాలి. ఊరి పేరు ఎక్కడ వచ్చినా పట్టుకోవాలి. మిగతాది జారిపోనివ్వాలి. చెప్పినంత తేలిక కాదు. ఊరి పేరు కాని మాటలు ఎలా ఉంటాయో కూడా మిషనుకు తెలియాలి. దానికి బాగుండావా, అన్నం తిన్యావా, ఎండలు, వానలు, నిట్టూర్పులు, దగ్గులు అన్నీ వినిపించాలి. కాలేజీ పిల్లలు కాగితం చూసి చదివితే రావు అవి. పల్లెలకు పోవాల్సిందే.

రాళ్లకుంటపల్లె

ముందు రత్నమ్మ ఊరికే పోదామన్నాను. ఇంతకాలం నా ప్రాణం తోడిన మనిషిని ఒకసారి చూడాలని నాకూ ఉంది. ఆదివారం పోయాం. ఆ ఊళ్లో చర్చి పాతది, రాతి గోడలది. ఆరాధన అయ్యాక జనం అంతా ఆవరణలోనే కూర్చుంటారు. పాస్టరు గారికి ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచాం. ఆయన ఇంట్లో ఫోను వరండాలోకి తెచ్చి పెట్టాడు. ఎవరికీ ఏం చెప్పాలో చెప్పలేదు, మీరు ఎప్పుడూ మాట్లాడేట్టే మాట్లాడండి అన్నాం. కావాల్సినన్ని గొంతులు దొరికాయి.

నేను గట్టిగా ఏదో అంటుంటే వెనకనుంచి ఒకామె నా చెయ్యి పట్టుకుంది. సన్నటి మనిషి, జుట్టు నెరిసింది.

"అక్కా! నువ్వు ఆ కరెంటక్కవే గదా? ఆ గొంతే!"

రత్నమ్మ. ఇంటికి రానిదే ఒప్పుకోలేదు. ఊరి చివర రెండు గదుల ఇల్లు. వసారాలో మంచం మీద ఆమె భర్త యేసోబు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో లారీ లోడింగుకు పోయేవాడట. లారీ మీదినుంచి పడి నడుం విరిగింది. అప్పటినుంచి మంచమే. తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేడు. మంచం పక్కనే స్టూలు మీద ఫోను.

వాళ్ల బతుకు చీనీ తోట మీద. బత్తాయినే మా సీమలో చీనీ అంటాం. తోట ఊరికి దూరం, వంక, అదే వాగు, దాటి పోవాలి. ఎండాకాలం ఒక తడి తప్పితే పిందె రాలిపోతుంది. రెండు మూడు తడులు తప్పితే చెట్టే పోతుంది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియకపోతే రత్నమ్మ రోజంతా బోరు దగ్గర కూర్చోవాలి. అప్పుడు ఇక్కడ మంచం మీద మనిషికి మంచినీళ్లిచ్చే దిక్కుండదు. వేళ తెలిస్తే మాత్రం సరిగ్గా ఆ వేళకు పోయి, తడి పెట్టుకుని, తిరిగి వచ్చేస్తుంది. నేను హెడ్‌ఫోన్లో విసుక్కుంటూ విన్న కాల్స్ వెనక ఉన్నది ఇదన్నమాట.

అయినా నా నోరు ఊరుకోదు కదా. "రత్నమ్మా, అది మిషను. దానికి పలకరింపులు ఎందుకమ్మా? ఊరి పేరు చెప్పేస్తే అయిపోతాది గదా" అన్నాను.

"మిషనని నాకు తెలీదా అక్కా? మిషనైతే ఏం, గొంతు మనిషిదే గదా. ఆ గొంతు ఇనంగానే నా నోటికి ముందు అదే వస్తాది, ఏం చేయమంటావు?"

యేసోబు మంచం మీదినుంచి అందుకున్నాడు. "నన్ను అన్నం తిన్యావా అని అడుగుతాదో లేదో గానీ మేడమ్, ఆ ఫోన్లో ఆయమ్మను మాత్రం అడక్కుండా ఉండదు."

"నీకు నేనే తినిపిస్తాండా గదా, ఇంకా అడిగేదేముండాది!" అంది ఆమె. ముగ్గురం నవ్వాం. నాకు సజ్జరొట్టె, చెనిగ్గింజల పొడి పెట్టింది. తిని వచ్చాను.

ఆ తర్వాత మేము చేసిన పని గురించి ఇంజనీర్లకు మాత్రమే రుచించే విషయాలు చాలా ఉన్నాయి, వదిలేస్తాను. పల్లెల గొంతులతో మిషను మెల్లగా దారికొచ్చింది. రత్నమ్మ కాల్స్ ఇప్పుడు కుదురుతున్నాయి. ఆమె బాగుండావా అంటుంది, తిన్యావా అంటుంది, ఎండల సంగతి చెబుతుంది, ఊరి పేరు వస్తుంది, మిషను పట్టుకుంటుంది. కరెంటు వేళ విని, "సరే అక్కా, ఉంటా మరి" అని పెట్టేస్తుంది. ప్రతి రోజూ ఆ ఒక్క కాల్ వినకుండా నేను మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచేదాన్ని కాదు.

డైరెక్టర్ గారు వచ్చిన రోజు

హైదరాబాదు నుంచి డైరెక్టర్ గారు వచ్చారు. ఆమె మంచి ఇంజనీరు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత నేను ఆమెతో పోట్లాడాను. లైను ఉంచాలా, తీసేయాలా అనేది ఆమె చేతిలో ఉంది. తీసేస్తే కరెంటు వేళలు పంచాయతీ ఆఫీసు గోడ మీద కాగితం అంటిస్తారు, అంతే. చదువు రాని రత్నమ్మ మళ్లీ బోరు దగ్గర కూర్చోవాల్సిందే.

ఆమె లెక్క తప్పు కాదు. మాకున్న ఫోన్ లైన్లు కొద్ది. ఒక్కొక్కరు పలకరింపులతో అంతంత సేపు మాట్లాడితే మిగతావాళ్లకు ఎంగేజ్ వస్తుంది. "వినే సమయం తగ్గించండి. బీప్ అయిన వెంటనే ఊరి పేరు రాకపోతే కట్ చేసేయండి. నాలుగు రోజులు అలా చేస్తే జనం వాళ్లే నేర్చుకుంటారు. లేకపోతే ఈ లైను నడపలేను" అన్నారు.

"జనానికి మర్యాద మాన్పించడానికా మేడమ్ మనం ఈ మిషను పెట్టింది?" అన్నాను. గొంతు పెరిగింది. శెట్టి గారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. డైరెక్టర్ గారు కోపగించుకోలేదు, అదే మాట మళ్లీ అన్నారు. వస్తున్న కాల్స్ స్పీకర్లో పెట్టించి తనే వినడం మొదలుపెట్టారు. కొన్ని కుదిరాయి, కొన్ని పోయాయి. ప్రతి కాలుకూ ఆమె గడియారం చూసుకుంటున్నారు. నా పక్కన శెట్టి గారు చేతులు నలుపుకుంటున్నాడు.

ఇంకో కాల్ వచ్చింది. తెర మీద నంబరు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రత్నమ్మ! ఈమె మాట వింటే డైరెక్టర్ గారి మనసు మారుతుందని నా ఆశ.

"మీ ఊరి పేరు చెప్పండి."

"రాళ్లకుంటపల్లె."

అంతే. మిషను ఠక్కున పట్టుకుంది. ఈరోజు కరెంటు మధ్యాహ్నం రెండు గంటలకు అని చెప్పింది. అవతల మాట లేదు.

"చూశారా! ఎంత చక్కగా చెప్పిందో. ఇలాగే అందరికీ అలవాటు చేయాలి" అన్నారు డైరెక్టర్ గారు.

నేను చటుక్కున లేచాను. శెట్టి గారు అప్పటికే కుర్చీలోంచి లేచాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్ని నెలలుగా ఆ మనిషి ఒక్క రోజు కూడా పలకరించకుండా ఊరి పేరు చెప్పలేదు.

"సార్, ఏదో అయ్యింది" అన్నాను.

తిరిగి ఆ నంబరుకు చేస్తే ఎంగేజ్. ఫోన్ సరిగా పెట్టలేదన్నమాట. శెట్టి గారు పాస్టరు గారికి కలిపాడు. "అయ్యగారూ, బాగుండారా?" అని మొదలుపెట్టి, తనే మధ్యలో ఆపేశాడు. "అయ్యగారూ, రత్నమ్మ ఇంటికి తొందరగా ఎవరినన్నా పంపండి. ఎందుకో అక్కడ మంచిగా లేదనిపిస్తాండాది. మీరే పోతే ఇంకా మేలు."

పాస్టరు గారు ఎందుకని కూడా అడగలేదు. పోయాడు. స్పీకర్లో కాల్స్ వస్తూనే ఉన్నాయి, బాగుండావా అక్కా అని ఎవరెవరో అడుగుతూనే ఉన్నారు. నేను లోపల దువా చేసుకుంటూ కూర్చున్నాను.

చాలాసేపటికి పాస్టరు గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. యేసోబుకు జ్వరం నెత్తికెక్కి ఫిట్స్ వచ్చాయట. నాలుక కరుచుకుంటున్నాడని రత్నమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. వదిలిపెట్టి వీధిలోకి పోయి పిలుద్దామంటే భయం. చుట్టుపక్కల వాళ్లంతా పొలాలకు పోయారు. ఆటోలో వేంపల్లె ఆసుపత్రికి చేర్చారు. ఇప్పుడు తెలివిలోకి వచ్చాడు, ప్రాణానికి భయం లేదన్నారు.

శెట్టి గారు ఫోన్ పెట్టేసి, టేబుల్ మీదున్న నీళ్లు తాగాడు. నేను ఏడ్చాను. సిగ్గేం లేదు, గట్టిగానే ఏడ్చాను.

డైరెక్టర్ గారు స్పీకరు సౌండు తగ్గించారు. "ఆమె మిషనుకు ఎందుకు చేసింది? వేరే ఎవరికైనా చేయొచ్చు కదా?" అని మెల్లగా అడిగారు.

పోయేముందు ఆమె శెట్టి గారితో అన్నారు: "వినే సమయం తగ్గించొద్దు. ఇంకో రెండు లైన్లు నేను ఇప్పిస్తాను. రోజూ వచ్చే నంబరు నుంచి మాట తేడాగా ఉంటే ఆ కాల్ మనిషికి కలిపేలా ఒక స్విచ్చు పెట్టండి." నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి పోయారు. ఆ చెయ్యి బరువు నాకు ఇంకా తెలుసు.

ఆ స్విచ్చు వల్ల తర్వాత మేము పడ్డ అవస్థ చెప్పాలి. పొదుపుగా మాట్లాడే మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఒకరోజు ఆయనకు జలుబు చేసి గొంతు మారితే కాల్ నాకొచ్చింది. "అంతా బాగేనా సార్?" అని నేను కంగారుగా అడిగితే, "మిషను మారినట్లుండాదే" అని ఆయన కంగారు పడ్డాడు. ఇలాంటివే ఎక్కువ వచ్చేవి. ఇంజనీరింగ్ లెక్కన అది మంచి ఏర్పాటు కాదు. అయినా నేను తీయనివ్వలేదు.

మళ్లీ మోగిన ఫోను

యేసోబును ఇంటికి తెచ్చారని పాస్టరు గారు చెప్పాడు. రెండు తడులు తప్పాయి, ఊళ్లో కుర్రాళ్లు పోయి మూడోది పెట్టారు. పిందె కొంత రాలింది, చెట్లు నిలబడ్డాయి.

ఆ వారంలోనే ఒకరోజు మధ్యాహ్నం తెర మీద ఆ నంబరు కనిపించింది. నేను హెడ్‌ఫోన్ లాక్కుని పెట్టుకున్నాను. శెట్టి గారు రెండోది తగిలించుకుని పక్కన నిలబడ్డాడు.

"మీ ఊరి పేరు చెప్పండి" అంది నా రికార్డింగు.

"అక్కా, ఆ పొద్దు నిన్ను పలకరించకుండా పెట్టేసినా, ఏమనుకోవద్దు. ఆయప్పకు ఫిట్స్ వచ్చె, నా చేతికి నీ నంబరొకటే వచ్చె. అదొకటే గదా నాకు నోటికొచ్చేది. నీ గొంతు ఇనపడితే సాలనుకుంటి. నువ్వు ఊరి పేరు అడిగితివి, చెప్తిని. ఇంగేం చెప్పాల్నో తెలీకపాయె." కాసేపు ఆగింది. వెనకనుంచి యేసోబు గొంతు వినిపించింది: "ఆయమ్మను అడుగు, మర్చిపోతాండావు." రత్నమ్మ నవ్వింది. "అడుగుతాండాలే! అక్కా, బాగుండావా? అన్నం తిన్యావా?"

మిషను ఓపిగ్గా వింటోంది, ఊరి పేరు కోసం. శెట్టి గారు నా వైపు చూసి, కాల్ నాకు కలిపే ఆ కొత్త స్విచ్చు చూపించాడు, అది చేత్తో నొక్కినా పనిచేస్తుంది. నేను నొక్కాను.

"తిన్యా రత్నమ్మా. ఇప్పుడే తిన్యా. నువ్వు తిన్యావా?"

అవతల ఊపిరి వినిపించింది.

"ఇన్నాళ్లకు చెప్పినావు గదక్కా" అంది.